పెట్టిన చెయ్యి

మా ఇంగ్లీష్ టీచరమ్మ పోయిన మంగళవారం జనగామలో కన్నుమూసింది. వయసు తొంభై నాలుగో, తొంభై ఐదో. ఆమె పుట్టిన ఊళ్లో ఆ రోజుల్లో తేదీలు రాసిపెట్టుకునే అలవాటు ఎవరికీ లేదు. నేను ఘనపూర్‌లో ఇంటి ముందు మిరపకాయలు ఆరబోసుకుంటుంటే ఫోన్ మోగింది. చేసింది మానుకోట ఆడపిల్లల బడిలో నాతో చదివిన నా దోస్తు. కొత్తగూడ దగ్గరి తండా పిల్ల, దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. ఏ సంగతైనా కుండబద్దలు కొట్టినట్టు చెప్పే మనిషి, ఆ రోజు మాత్రం "తిన్నవా?" అని మొదలుపెట్టింది. తిన్నానన్నాను. "టీచరమ్మ ఇగ లేదే. పొద్దుగాల చాయ తాగిందట, కుర్చీల కూసున్నదట, గంతే" అంది. ఫోన్ పెట్టేసి మళ్లీ మిరపకాయల దగ్గర కూర్చున్నాను. కళ్లు మండితే వాటి మీదకు నెట్టుకోవచ్చు కదా.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు అందరూ మహానుభావులైపోతారు. ఆ పని నేను చెయ్యను. చేస్తే ఆమె ఎర్ర పెన్ను పట్టుకొని లేచి వస్తుంది. ఆమెకు కోపం ఎక్కువ, చాయలో చక్కెర ఎక్కువ, ఆలస్యంగా వచ్చిన పిల్ల మీద జాలి బొత్తిగా తక్కువ. అంత నోరున్న మనిషి, ఒక్క మాట నలుగురి ముందు చెప్పాలని ముప్పై ఏళ్లు కాచుకొని కూర్చుంది. చెప్పలేకపోయింది. ఆ సంగతి రాయాలనే ఈ కాగితం తీశాను. "నేను పోయినంక రాసుకో. ఊరి పేరు మాత్రం రాయకు" అని తనే అన్నది. రాయను.

ఎనిమిదో తరగతిలో ఆమె 'పుట్' అనే ఒక్క క్రియను మాకు మూడు వారాలు చెప్పింది. వేరే సెక్షన్‌వాళ్లు అప్పటికి రెండు పాఠాలు ముందుకు పోయారు. మేము అడిగితే "తొందరేమున్నది, పాఠం యాడికన్న ఉరుకుతదా?" అంది. మొదటి రోజే డిక్షనరీలు మూయించింది. "ఇంటికి పోయి, మీ అమ్మ పొద్దుగాల లేసినకాంచి ఎన్నిసార్లు పెట్టు అంటదో రాసుకొని రాండ్రి. ఇంగ్లీషోల్ల పుట్ సంగతి తర్వాత చూద్దాం."

మా అమ్మ వెనకాల కాగితం పట్టుకొని తిరిగాను. నోరు తెరిస్తే చాలు రాసుకుంటున్నాను. మధ్యాహ్నానికి ఆమెకు ఒళ్లు మండింది. "ఏందే, నా మీద కేసు పెడుతున్నవా?" అంది. అది కూడా రాసుకున్నాను.

మర్నాడు బోర్డు నిండిపోయింది. పొయ్యి మీద కుండ పెట్టడం, బొట్టు పెట్టడం, పేరు పెట్టడం, లొల్లి పెట్టడం, తాళం పెట్టడం, కోడి గుడ్డు పెట్టడం, దండం పెట్టడం. ఆమె బోర్డు నడుమ ఒక గీత గీసి, పుట్ వచ్చేవి ఒక పక్క, రానివి ఒక పక్క చేసింది. కుండ పెడితే వస్తుంది. బొట్టు పెడితే వస్తుంది, కానీ పక్కన ఆన్ అనే చిన్న మాటను తోడు తెచ్చుకుంటుంది. గుడ్డు పెడితే రాదు. దండం పెడితే రాదు. వెనక బెంచీ పిల్ల ఒకతి ముద్దు పెట్టడం అనేసరికి తరగతంతా కిసుక్కుమంది. టీచరమ్మ నవ్వలేదు. "నవ్వుడైపోయిందా? ముద్దుకు వాళ్లకు వేరే మాటున్నది. ఈ పక్క రాసుకోండ్రి" అని సుద్దముక్కతో చూపించింది.

ఆ తరువాతి వారం తోడు మాటల సంగతి. పుట్ పక్కన ఆఫ్ కూర్చుంటే పని రేపటికి పడుతుంది. ఔట్ కూర్చుంటే దీపం ఆరిపోతుంది. అప్, విత్ రెండూ కూర్చుంటే ఓర్చుకోవడం. "మాట పక్కన ఎవరు కూసున్నరో చూడు, అప్పుడు అర్థం చెప్పు" అనేది. ఓర్చుకోవడం నాకు ఎంతకీ ఎక్కలేదు. "నీకు పెండ్లయినంక ఎక్కుతది, కూసో" అంది. పెండ్లి చేసుకోని మనిషికి ఆ సంగతి ఎట్లా తెలుసో మాకు అర్థం కాలేదు గానీ, నా మట్టుకు ఆమె చెప్పింది అక్షరాలా నిజమైంది.

నా దోస్తు మొదటి వారం మూడు రోజులూ ఖాళీ కాగితం పట్టుకొని కూర్చుంది. ఇంట్లో వాళ్లు మాట్లాడేది లంబాడీ, తెలుగు కాదు. వాళ్లమ్మ నోట పెట్టు అనే మాటే రాదు. తిడుతుందేమోనని బెంచీ కిందికి వంగింది. టీచరమ్మ వచ్చి పక్కన కూర్చుని, "మీ అమ్మ ఏమంటది? గదే చెప్పు" అంది. బోర్డు మీద రెండో గీత పడింది. మిగిలిన వారమంతా మేము ఆ పిల్లను అడిగి మూడో పక్క నింపుకున్నాం. ఆ వారమే మేమిద్దరం దోస్తులమయ్యాం.

ఆమె ఇంగ్లీష్‌ను తెల్లదొరల ఇంగ్లీష్‌లాగా మాట్లాడేది, తెలుగును మాత్రం తన ఊరి తెలుగే మాట్లాడేది. కోస్తా నుంచి బదిలీపై వచ్చిన హెడ్మిస్ట్రెస్ ఒకరోజు మా ముందే, "మీ ఇంగ్లీషు ముచ్చటగా ఉంటుందండీ, తెలుగే కాస్త..." అని నవ్వింది. "మా తెలుగుకేమైందమ్మా, మంచిగనే ఉన్నది. మూడు పూటలా తింటున్నది" అంది టీచరమ్మ. ఆ నవ్వు మళ్లీ మా బడిలో వినబడలేదు.

మూడో వారం చివర, పుట్ వాడి పది వాక్యాలు రాయమంది. నేను పదో వాక్యంగా 'మా అమ్మ నాకు అన్నం పెట్టింది' అన్నదానికి తిన్నగా పుట్ పెట్టి రాశాను. కాపీ పుస్తకాలు తిరిగి వచ్చినప్పుడు మిగతా తప్పులన్నింటికీ ఎర్ర సిరా పడింది. ఆ ఒక్కదాని కింద గీత ఉంది, పక్కన ఏమీ లేదు. తప్పా ఒప్పా అని అడిగాను. "తప్పే" అంది. మరి దిద్దలేదేమని అడిగాను. ఇచ్చింది అనొచ్చు, వడ్డించింది అనొచ్చు, తినిపించింది అనొచ్చు, మూడింటికీ ఇంగ్లీష్‌లో మాటలున్నాయంది. మూడూ ఒకదాని తర్వాత ఒకటి పలికింది. ఆఖరుకు తల అడ్డంగా ఊపి, "ఏదీ ఆనుతలేదు బిడ్డా. పెట్టుడంటే పెట్టుడే" అని కాపీ నా చేతిలో పెట్టింది. ఒక తప్పును ఆమె దిద్దకుండా వదిలెయ్యడం నేను అంతకు ముందు చూడలేదు. నా కాపీలో ఏం తప్పు జరిగిందోనని పరేషాన్ అయ్యాను.

ఎందుకో తెలియడానికి ఏడెనిమిదేళ్లు పట్టింది. నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాను. సెలవులకు వచ్చి ఆమెను చూడబోతే, "రేపు నాతోని ఒక ఊరికొస్తవా? ఒక్కదాన్ని పోవాలంటే కాళ్లు వస్తలేవు" అంది. మానుకోటలో రైలెక్కి జనగామ దాకా కూర్చున్నాం. ఆ దారిపొడుగునా ఆమె చెప్పింది, నేను విన్నాను.

నైజాం రాజ్యంలో ఊళ్లు దొరల మీద తిరగబడ్డ రోజులు. దళాలు గుట్టల్లో ఉండేవి. వాళ్లకు ఊరి ఆడవాళ్లు వంతుల వారీగా తిండి పెట్టేవాళ్లు. వంతు వచ్చిన ఇల్లు జొన్నరొట్టెలు, కారం ముద్ద మూటగట్టి, చేనుకు సద్ది తీసుకుపోతున్నట్టు పోయి, గుట్ట కింద ఒక బండ వెనక పెట్టి, తిరిగి చూడకుండా రావాలి. ఎవరు తిన్నారని అడగకూడదు. ఇంకొక కట్టడి కూడా ఉండేది. ఊరి బట్టలన్నీ ఒక్క చాకిరేవులో కలిసేవి కాబట్టి, ఏ బట్ట ఏ ఇంటిదో తెలియడానికి చాకలి అవ్వ మూలన జీడిగింజ పాలతో గుర్తు పెట్టేది. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు, ఎన్ని ఉతుకులకూ పోదు. అందుకని మూట కట్టే గుడ్డకు ఆ మూల చింపెయ్యాలి. పట్టుబడితే ఇల్లు దొరకకూడదు.

టీచరమ్మకు అప్పుడు పద్దెనిమిదేళ్లు. ముందటి ఎండాకాలమే తల్లి పోయింది. వంతు మోసే పని మొదటిసారి ఆమె మీద పడింది.

"మంచి గుడ్డల కట్టి పెట్టాలని పానం గుంజింది" అంది. "మా అమ్మ చీర ముక్క ఉండె. మూల చింపబోయిన. చెయ్యి రాలె. ఒక్కరోజుకేమైతది అనుకున్న."

మూడో రోజు క్యాంపు పోలీసులు గుట్ట కింద దొరికిన ఆ గుడ్డ పట్టుకొని ఊళ్లోకి వచ్చారు. మగవాళ్లు అప్పటికే చెలకల్లోకి పారిపోయారు. ఆడవాళ్లందరినీ ఊరి నడుమ కూర్చోబెట్టి, చాకలి అవ్వను పిలిచి, ఈ గుర్తు ఏ ఇంటిదో చెప్పమన్నారు. ఆ గుర్తులు చదవగలిగింది ఊరు మొత్తం మీద ఆమె ఒక్కతే. ఆమె ఆ మూలను బొటనవేలితో రుద్ది చూసింది. తలెత్తి అందరినీ చూసింది, ఎవరి దగ్గరా ఆగలేదు.

"నాదే" అంది. "ఎవరో ఇచ్చిన పాత చీర. నేనే పెట్టిన వాళ్లకు."

పోలీసుల జమేదారు నవ్వాడు. అవ్వ ఊళ్లో ఇంటింటికీ కుండ పట్టుకొని తిరిగి, వాళ్లు పెట్టిన బువ్వ తెచ్చుకొని తినే మనిషి. బట్టలుతికినందుకు చాకలి ఇంటివాళ్లకు దక్కేది అదే. "నీకెక్కడివే రొట్టెలు?" అన్నాడు.

"ఊరు నాకు పెడతది. నేను వాళ్లకు పెట్టిన."

తుపాకీ మడమతో ఆమె కుడి మణికట్టు మీద కొట్టారు. ఎన్ని దెబ్బలో టీచరమ్మ చెప్పలేదు. జనగామ క్యాంపుకు తీసుకుపోయి చాలా రోజులకు వదిలారు. ఆ చెయ్యి మళ్లీ బట్ట పిండలేదు.

"నేను మూడు బారల దూరంల కూసున్న" అంది టీచరమ్మ రైలు కిటికీ వైపు తిరిగి. "లేసి నాది అంటె ఐపోవు. లేవలె. నాలుగోనాడు మా బాపు నన్ను పట్నంల మా మేనత్త ఇంటికి పంపిండు. బడి గక్కడనే, ఇంగ్లీష్ గక్కడనే. ఆమె చెయ్యి ఇరిగితె నాకు సదువొచ్చింది. ముప్పై ఏండ్ల సంది ఆ వాడకట్టుకు పోలె. ఇయ్యాల పోయి, అందరి ముందట చెప్పాలె. ఆ మూట నాది అని."

నాకు ఆమె మీద కోపం వచ్చింది. దాచుకోవడం ఎందుకు, నిజంగానే వచ్చింది. అంతసేపూ ఆమె చేతిని పట్టుకొని కూర్చున్నాను గనక, వదల్లేదు.

ఊరు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అవ్వ ఇంటి ముందు గడపలో కూర్చుని ఉంది. పిడికెడంత మనిషి. కొడుకు ఇంట్లో ఇస్త్రీ చేస్తున్నాడు. టీచరమ్మ ఫలానా ఇంటి బిడ్డనని, మానుకోటలో టీచర్నని చెప్పగానే కూర్చోవడానికి బల్ల వేశాడు, వాడకట్టులో నలుగురు పోగయ్యారు. అతను మమ్మల్ని కూర్చోబెడుతూనే, కొత్తవాళ్లందరికీ చెబుతాడేమో, మా ఇద్దరికీ కూడా చెప్పాడు. "మా అవ్వ దళానికి అన్నం పెట్టింది టీచరమ్మా. గందుకే ఆ చెయ్యి గట్లయ్యింది. మా ఊర్ల ఎవరినడిగినా చెప్తరు." పక్కింటాయన తల ఊపాడు. "మా పెండ్లిళ్లల్ల మొదటి ముద్ద ఈ అవ్వతోనే పెట్టిస్తం" అన్నాడు. ఆ చెయ్యి పనిచేయదు కాబట్టి పక్కన ఎవరో పట్టుకుంటారట.

టీచరమ్మ కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఆ మాట నోటి దాకా వచ్చిందని నాకు తెలుసు.

"అవ్వా, ఆ మూట..." అంది.

అవ్వ కొడుకును చూసింది. "కొడుకా, పోయి పాలు పట్టుకరా. వీళ్లను గూడ తోలుకపో, ఏం తమాషా ఉన్నదిక్కడ." అందరూ వెళ్లాక నన్ను చూసింది. తన దగ్గర చదువుకున్న పిల్ల అని టీచరమ్మ చెప్పింది. "ఉండనీ" అంది అవ్వ. "నీ గుర్తు నాకు తెల్వదా బిడ్డా? మీ అమ్మ చీర గూడ ఎరుకే. నేనే ఉతికిన."

"నేను చెప్పాలవ్వా. అందరికి చెప్పాలె. నా పానానికి సుఖం లేదు."

"చెప్తె నీ పానం సుఖపడతది. నాదేమైతది?" అంది అవ్వ. గట్టిగా అనలేదు. "పుట్టినకాంచి ఊరు పెడితె తిన్నదాన్ని. కుండ పట్టుకొని వాకిట్ల నిలవడి, అవ్వా ఇంత పెట్టుండ్రి అని అడిగినదాన్ని. ఆ ఒక్కనాడు పెట్టినదాన్నని పేరొచ్చింది. నా చెయ్యికి బదులు ఊరు నాకిచ్చింది గదొక్కటే. నువ్వొచ్చి అదిగూడ తీస్కపోతవా?"

టీచరమ్మ ఏడ్చింది. బెత్తంతో మమ్మల్ని ఏడిపించిన మనిషి, చిన్నపిల్లలాగా ముక్కు కొంగుతో తుడుచుకుంటూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

"ఊకో" అంది అవ్వ. "తినలేదు గదా మీరు?"

కోడలు కూలికి పోయింది. అవ్వే లేచింది. కుండను మోకాలితో ఒత్తిపట్టి, ఎడమ చేత్తో అన్నం తీసి పెట్టింది. మన దగ్గర ఎడమ చేత్తో పెడితే ఎంత తప్పో చెప్పనక్కర లేదు. బయటివాళ్లకు తను ఎప్పుడూ పెట్టదట, కోడలితోనే పెట్టిస్తుందట. "కుడి చెయ్యి ఒంగదు బిడ్డా, ఏమనుకోకు" అంది. "పెట్టవ్వా" అంది టీచరమ్మ. పచ్చిపులుసు, అన్నం. రెండుసార్లు పెట్టించుకొని తిన్నది. కొడుకు పాలతో వచ్చి, తల్లి ఎడమ చెయ్యి పళ్లెంలో చూసి నొచ్చుకున్నాడు. "ఉండనియ్యి బిడ్డా. మీ అవ్వ పెట్టిన అన్నం" అంది టీచరమ్మ. ముప్పై ఏళ్లు కాచుకున్న మాటకు బదులు ఆమె నోట ఆ ఊళ్లో వచ్చిన మాట అదొక్కటే.

తిరుగు రైలెక్కాం. వరంగల్ దాటాక, "నా మనసు తేలికైతే చాలనుకున్న. ఆమె గురించి ఒక్క నిమిషం ఆలోచన చెయ్యలే. గంత సదువు సదివి" అంది. ఆ తర్వాత ఏడాదికి రెండు మూడుసార్లు ఆ ఊరికి పోయేది. అవ్వ పోయేదాకా పోయింది. ఏం మాట్లాడుకునేవారని అడిగితే, "ఏమున్నది, ఆమె పెడతది, నేను తింట" అనేది.

అవ్వ పోయిన కొన్నేళ్లకు ఊళ్లో పడుచువాళ్లు ఒక రాయి నిలబెట్టారు. ఆ రోజుల్లో నిలబడ్డవాళ్ల పేర్లన్నీ చెక్కించారు. టీచరమ్మది కూడా పెడతామని ఇంటికొచ్చి అడిగితే వద్దంది. "నేనేం చేసిన్నని?" అని తరిమింది. రాయి తెరిచే రోజు మాత్రం ఆమెను పిలిచారు, నేనూ వెంట పోయాను. కాటారంలో పనిచేస్తున్నాను అప్పటికి, ఒక రోజు సెలవు పెట్టాను. అవ్వ పేరు మూడో వరుసలో ఉంది. ఊరు మొత్తం చాకలి అవ్వ అనే పిలిచింది గానీ పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. ఆ పేరు టీచరమ్మ కూడా అక్కడే మొదటిసారి చదివింది. దాని కింద, దళానికి అన్నం పెట్టిన తల్లి, అని ఉంది.

మైకు పట్టుకున్న పిల్లవాడు అడిగాడు. "టీచరమ్మా, ఆనాడు మీరు గూడ అక్కడనే ఉన్నరట గదా. ఏం చూసిండ్రో జర చెప్పుండ్రి."

అవ్వ కొడుకు ముందు వరుసలో చేతులు కట్టుకొని కూర్చున్నాడు. వాడకట్టంతా కూర్చుంది. అవ్వ లేదు ఇక, ఆపేవాళ్లు లేరు. మా కాపీల్లో ఒక్క తప్పును వదలని మనిషి, ఆ మూట నాది అంటే ఎవరు కాదంటారు?

"మూడు బారల దూరంల కూసున్న" అంది టీచరమ్మ. తరగతిలో వెనక బెంచీకి వినబడేటట్టు చదివే గొంతు అది. "జమేదారు అడిగిండు. ఈ అవ్వ, నేనే పెట్టిన అన్నది. నేను చెవులార విన్న."

మైకు తిరిగి ఇచ్చేసింది. రాయి వైపు తిరిగి, అవ్వ పేరు కింది అక్షరాలను వేలితో ఒక్కొక్కటే తడుముతూ మళ్లీ చదువుకుంది, పైకి కాదు, లోపలే. అక్షరాల్లో నింపిన ఎర్ర రంగు ఇంకా ఆరలేదు. వేలు తీసేసరికి కొస ఎర్రగా అయింది. ఎవరో తుడుచుకొమ్మని గుడ్డ అందించారు. ఆమె తీసుకోలేదు. ఆ చేతిని దేనికీ తగలకుండా ఒంటికి కొంచెం ఎడంగా పట్టుకొని మెట్టు దిగి వచ్చి, అవ్వ కొడుకు పక్కన ఖాళీగా ఉన్న చోట కూర్చుంది.